తొట్టె గోడకు అంటిన రుచి

స్కాట్లాండ్ ఈశాన్య తీరంలో క్లైన్‌లీష్ అనే డిస్టిలరీ ఉంది. అక్కడి సింగిల్ మాల్ట్ విస్కీని వాసన చూసినవాళ్లు దాదాపు అందరూ తమ నోట్‌పుస్తకంలో రాసుకునే మాట ఒకటుంది: మైనం. అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి, తేనెపట్టు, నారింజ తొక్క, వాటి వెనక కాస్త ఉప్పన. నోట్లోకి వెళ్లాక ఆ మైనం వాసనగానే ఉండిపోదు. నాలుక మీద పలచటి పొరలా పరుచుకుంటుంది. డిస్టిలరీకి గుర్తింపు తెచ్చిన ఈ గుణం ఒక దశలో ఉన్నట్టుండి మాయమైంది. బార్లీ మారలేదు, నీళ్లు మారలేదు, రాగి బట్టీలూ మారలేదు. మరమ్మతుల సమయంలో ఒక తొట్టెను శుభ్రంగా కడిగేశారు, అంతే.

విస్కీ అమ్మేవాళ్లు చెప్పే కథల్లో కొండవాగు నీళ్లుంటాయి, సముద్రపు గాలి ఉంటుంది, తరతరాల రహస్యం ఉంటుంది. వినడానికి బాగుంటాయి. కానీ రుచి అసలు పుట్టే చోటు చూడాలంటే గొట్టాల దగ్గరకు, తొట్టెల దగ్గరకు, వాటిని ఎంత తరచుగా కడుగుతారన్న ప్రశ్న దగ్గరకు వెళ్లాలి. ఆ సంగతి చూపించడానికి క్లైన్‌లీష్‌ను మించిన ఉదాహరణ దొరకడం కష్టం. ఎందుకంటే ఈ డిస్టిలరీ పక్కనే, అవే నీళ్లు వాడుకునే మరో డిస్టిలరీ ఉంది. రెండింటి విస్కీలూ ఒక్కటి కావు.

ఊరి పేరు బ్రోరా. ఇన్వర్‌నెస్ నుంచి ఉత్తరంగా తీరం వెంట సుమారు 90 కిలోమీటర్లు. అది సదర్లాండ్ ప్రాంతం. 1819లో ఇక్కడ మొదటి డిస్టిలరీ కట్టించినవాడు స్టాఫర్డ్ మార్క్విస్. తర్వాత అతనే మొదటి సదర్లాండ్ డ్యూక్ అయ్యాడు. ఆ కట్టడం వెనక ఉన్న చరిత్ర తీపిది కాదు. లోయల్లో తరాలుగా సాగు చేసుకుంటున్న గేలిక్ కుటుంబాలను ఈ జమీందారీ కుటుంబం ఖాళీ చేయించి, ఆ భూముల్ని గొర్రెల పెంపకానికి ఇచ్చింది. 1814లో స్ట్రాత్‌నేవర్ లోయలో ఇళ్లు తగలబెట్టించాడన్న ఆరోపణపై ఎస్టేట్ ఉద్యోగి పాట్రిక్ సెల్లర్‌ను 1816లో కోర్టులో విచారించారు. నిర్దోషిగా వదిలేశారు. నిర్వాసితులను తీరానికి తరలించి, అక్కడ పండే బార్లీకి ఒక కొనుగోలుదారు ఉండాలని, దొంగసారా బట్టీలకు గింజలు చేరకుండా చూడాలని డిస్టిలరీ పెట్టారు. రుచి గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి చెప్పకుండా దాటేయడం న్యాయం కాదు.

1967, 68లలో పాత డిస్టిలరీ పక్కనే కొత్తది కట్టారు. ఆరు బట్టీలతో పెద్దది. పాత బట్టీల ఆకారాన్నే నమూనాగా తీసుకున్నారు. క్లైన్‌లీష్ పేరు దానికి వెళ్లింది. మూతపడిన పాతదాన్ని 1969లో మళ్లీ వెలిగించారు. అప్పట్లో, పలు విస్కీలు కలిపి చేసే బ్లెండ్‌లకు కావలసిన పొగ వాసన మాల్ట్‌కు కొరత ఉండేది. దాన్ని తీర్చడానికి ఇక్కడ పీట్ (ఎండబెట్టిన చిత్తడినేల మట్టి) పొగలో ఆరబెట్టిన బార్లీతో విస్కీ తీశారు. 1975లో పాత డిస్టిలరీకి ఊరి పేరే పెట్టి బ్రోరా అన్నారు. 1983లో మూసేశారు. ఇలా కొన్నేళ్లపాటు ఒకే వాగు నీళ్లతో, ఒకే ఆవరణలో రెండు విస్కీలు తయారయ్యాయి. ఒకటి పొగ, రెండోది మైనం. నీళ్లే రుచికి మూలమైతే ఇది జరిగేది కాదు.

మరి మూలం ఎక్కడ?

సింగిల్ మాల్ట్ స్కాచ్ తయారీని చట్టం గట్టిగానే కట్టేసింది. మొలకెత్తించిన బార్లీ, నీళ్లు, ఈస్ట్ తప్ప ముడిసరుకు మరొకటి ఉండకూడదు. ఒకే డిస్టిలరీలో, దఫదఫాలుగా, కుండ ఆకారపు రాగి బట్టీల్లో కాచాలి. 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో, స్కాట్లాండ్‌లోనే, కనీసం మూడేళ్లు ఉంచాలి. సీసాలో బలం 40 శాతానికి తగ్గకూడదు. తర్వాత కలపడానికి అనుమతి ఉన్నవి నీళ్లు, రంగు కోసం మామూలు క్యారమెల్ మాత్రమే. ఇంత బిగువైన నియమాల కింద కూడా వందకు పైగా డిస్టిలరీలు ఒకదానికొకటి పోలికలేని రుచులు తీస్తున్నాయంటే, తేడాలన్నీ చట్టం పట్టించుకోని చిన్న చిన్న పనుల్లోనే ఉండాలి.

మొలకెత్తిన బార్లీని దంచి వేడినీళ్లలో నానబెడితే పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీళ్లను ఈస్ట్ పులియబెడుతుంది. రెండు మూడు రోజుల్లో సుమారు 8 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రవం తయారవుతుంది. ఈ దశలో ఈస్ట్ ఆల్కహాల్‌తో ఆగదు. కొవ్వు ఆమ్లాలను, వాటికి ఆల్కహాల్ అతుక్కుని పుట్టే ఎస్టర్లను కూడా తయారుచేస్తుంది. పొట్టి ఎస్టర్లు పండ్ల వాసన ఇస్తాయి. అరటి, ఆపిల్, బేరి. కార్బన్ గొలుసు పొడవయ్యేకొద్దీ వాసన పండ్ల నుంచి సబ్బు వైపు, మైనం వైపు జరుగుతుంది. పొడవాటి ఎస్టర్లు జిడ్డుగా ఉంటాయి, త్వరగా ఆవిరి కావు, నీళ్లలో కరగవు, ఆల్కహాల్‌లో కరుగుతాయి. క్లైన్‌లీష్ చిక్కుముడి విప్పడానికి ఈ చివరి లక్షణమే తాళంచెవి.

పులిసిన ద్రవాన్ని రెండుసార్లు కాస్తారు. మొదటి కాపులో బలం 20 శాతం దాటుతుంది. రెండో కాపులో వచ్చే ధారను మూడు ముక్కలు చేస్తారు. ముందు వచ్చేది ఫోర్‌షాట్స్. చాలా బలంగా, ఘాటుగా ఉంటుంది. నడిమిది పీపాలోకి వెళ్లే అసలు సరుకు. చివరగా బలం తగ్గిపోతూ, బరువైన అణువులను మోసుకుంటూ వచ్చేది ఫెయింట్స్. మొదటినీ చివరినీ పారబోయరు. తర్వాతి దఫాలో కలిపి మళ్లీ కాస్తారు. కాబట్టి ప్రతి దఫాలోనూ ముందటి దఫా కొంత ఉంటుంది.

ఆ ధారను ఎక్కడ కోయాలో తేల్చడానికి పాతకాలపు పరీక్ష ఒకటి ఇప్పటికీ వాడుకలో ఉంది. బయటికి వస్తున్న ద్రవానికి నీళ్లు కలిపి చూస్తారు. మొదట్లో అది పాలలా తెల్లబడుతుంది. తెల్లబడటం ఆగిపోయాక అసలు సరుకు మొదలైందని లెక్క. ఆ తెలుపుకు కారణం ఆసక్తికరమైనది. ముందటి దఫా చివర్లో బలం తగ్గిన ఫెయింట్స్ పోతున్నప్పుడు జిడ్డు పదార్థాలు కరిగి ఉండలేక గొట్టాల గోడలకు అంటుకుంటాయి. తర్వాతి దఫాలో బలమైన ఫోర్‌షాట్స్ వచ్చి వాటిని కరిగించి మోసుకొస్తాయి. నీళ్లు కలపగానే అవి మళ్లీ విడిపోయి మబ్బు కడతాయి. నిన్నటి జిడ్డు ఇవాళ్టి ధారలో కంటికి కనిపించే క్షణం అది.

ఇది అన్ని డిస్టిలరీల్లోనూ జరిగేదే. క్లైన్‌లీష్‌లో ప్రత్యేకత ఏమిటంటే, ఫెయింట్స్ చేరే తొట్టెలో ఈ జిడ్డు పేరుకునే వీలు ఎక్కువ. ఏళ్ల తరబడి అది గోడలకు, అడుగుకు పొరలు కట్టింది. బలమైన ద్రవం వచ్చి దాన్ని కొంత కరిగించుకుని బట్టీలోకి వెళ్తుంది, బలహీనమైన ద్రవం వచ్చి ఇంకొంత వదిలిపోతుంది. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోంచే మైనపు గుణం వస్తోందని, తొట్టె కడిగి అది పోయాకగానీ ఎవరికీ తెలియలేదు. మన ఇళ్లలో దోసెల పెనం సంగతి తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. నూనె పట్టి నల్లబడిన పెనాన్ని ఎవరైనా మంచిమనసుతో పీచుపెట్టి తళతళా తోమేస్తే, మళ్లీ దోసె లేవడానికి ఎన్నాళ్లు పడుతుందో వంటింటివాళ్లే చెప్పాలి. ఇప్పుడు క్లైన్‌లీష్‌లో ఆ జిడ్డు పొరను ఆస్తిలా కాపాడుకుంటున్నారు.

పరికరం మారితే రుచి మారుతుందనడానికి మరో సాక్ష్యం డాల్‌విన్నీ డిస్టిలరీ. అక్కడ ఆవిరిని చల్లార్చడానికి పాత పద్ధతి ఉండేది. చన్నీళ్ల తొట్టెలో చుట్టలు చుట్టుకుని దిగే రాగి గొట్టం. 1986లో దాన్ని తీసేసి, సన్నటి గొట్టాలు గుత్తిగా ఉండే ఆధునిక కండెన్సర్లు పెట్టారు. విస్కీ మారిపోయింది. రాగి పనే దీనికి కారణం. పులియబెట్టినప్పుడు పుట్టే గంధక పదార్థాలను రాగి పట్టేసుకుంటుంది. కొత్త కండెన్సర్‌లో ఆవిరికి రాగి ఎక్కువగా తగులుతుంది, కాబట్టి ద్రవం తేలికవుతుంది. పాత చుట్టగొట్టంలో తక్కువ తగులుతుంది, కాబట్టి మాంసపు పులుసులాంటి ఒక బరువు మిగులుతుంది. పీపాలో ఏళ్లు గడిచాక ఆ బరువే లోతుగా మారుతుంది. 1995లో డాల్‌విన్నీవాళ్లు మళ్లీ చుట్టగొట్టాలే తెచ్చి పెట్టారు. పాతదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఒక పరిశ్రమ డబ్బు ఖర్చుపెట్టిందంటే రుచి ఎంత గట్టి లెక్కో అర్థమవుతుంది.

బట్టీ నుంచి వచ్చిన ద్రవం నీళ్లలా రంగు లేకుండా ఉంటుంది. రంగు, వెనీలా వాసన, కొబ్బరి ఛాయ పీపా ఇచ్చేవి. అమెరికా చట్టం ప్రకారం బోర్బన్ విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే పెట్టాలి. ఒకసారి వాడిన పీపా వాళ్లకు మళ్లీ పనికిరాదు. ఆ పీపాలే స్కాట్లాండ్‌కు చేరతాయి. కర్రలోని లిగ్నిన్ వేడికి విరిగి వెనీలిన్ ఇస్తుంది. ఓక్ లాక్టోన్లు కొబ్బరిని తలపిస్తాయి. స్కాట్లాండ్ చలిలో పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. బెంగళూరు అమృత్ డిస్టిలరీలో అది పది శాతం పైమాటే. అందుకే అక్కడ నాలుగైదేళ్లకే విస్కీ పరిపక్వమవుతుంది.

క్లైన్‌లీష్‌లో తగిలే ఉప్పదనం గురించి సముద్రపు గాలి పీపాల్లోకి దూరుతుందని చెబుతుంటారు. ఉప్పు ఆవిరి కాదు. ఆవిరి కానిదానికి వాసన ఉండదు. తాగేవాడికి ఉప్పుగా తోచేది ఉప్పు అణువు కాకపోవచ్చు. ఖనిజాన్ని, సముద్రతీరాన్ని గుర్తుచేసే మరేవో వాసనల కలయికకు మెదడు పెట్టుకున్న పేరు కావచ్చు. తప్పేమీ లేదు. రుచి అనుభవం నిజమే. కారణం మాత్రం వేరే చోట వెతకాలి.

అసలు రుచి చూడటం అంటేనే ఎక్కువగా వాసన చూడటం. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి. ముక్కులో సుమారు 400 రకాల గ్రాహకాలున్నాయి. వాటి జన్యువులను 1991లో కనుగొన్న లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. గుక్క నోట్లో ఉండగా గొంతు వెనక నుంచి ఆవిరి ముక్కులోకి ఎక్కుతుంది. చాలామంది నాలుకకు అంటగట్టే రుచి నిజానికి ఆ దారిన వచ్చినదే. విస్కీకి వాడే తులిప్ పువ్వు ఆకారపు చిన్న గ్లాసు పనీ ఇదే. కింద వెడల్పుగా ఉండి ఆవిరి లేవనిస్తుంది, పైన సన్నబడి దాన్ని పోనివ్వకుండా కూడగడుతుంది.

ఘాటు సంగతి వేరు. మిరపకాయ మంటను పట్టే గ్రాహకమే ఆల్కహాల్ మంటనూ పడుతుంది. మామూలుగా అది 42 డిగ్రీల వేడి దగ్గర మేల్కొంటుంది. ఆల్కహాల్ ఆ గడపను 34 డిగ్రీల దాకా దించేస్తుంది. శరీరం వేడి 37 కాబట్టి నోరు తన సొంత వేడికే మండినట్టు అనిపిస్తుంది. మంట ఎక్కువైతే వాసనల మీద ధ్యాస నిలవదు. వృత్తిగా బ్లెండ్లు చేసేవాళ్లు నమూనాను సుమారు 20 శాతానికి పలచన చేసి వాసన చూస్తారు. మింగడం దాదాపు ఉండదు. రోజంతా పదుల నమూనాలు పరీక్షించేవాళ్ల పని అలాగే సాగాలి. మద్యాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మొదటి శ్రేణి క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. రుచి శాస్త్రం మీద ప్రేమ ఉన్నవాళ్లకు ముక్కే చాలా దూరం తీసుకెళ్తుందన్నది గుర్తుంచుకోదగ్గ సంగతి.

నాలుగు చుక్కల నీళ్లు పోస్తే విస్కీ విచ్చుకుంటుందన్న పాత నమ్మకాన్ని 2017లో స్వీడన్ లిన్నేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్యోర్న్ కార్ల్‌సన్, రాన్ ఫ్రీడ్‌మన్ కంప్యూటర్ నమూనాలతో పరీక్షించారు. పొగ వాసన ఇచ్చే గ్వయకాల్ అనే అణువును ఎంచుకున్నారు. ఆల్కహాల్ 45 శాతం వరకు ఉన్నప్పుడు గ్వయకాల్ ద్రవం ఉపరితలం దగ్గర, గాలికి తగులుతూ ఉంది. 59 శాతం దాటితే ఆల్కహాల్ అణువులు చుట్టుముట్టి దాన్ని లోపలికి లాగేశాయి. పీపా నుంచి నేరుగా తీసిన బలమైన విస్కీకి నీళ్లు కలిపితే వాసన పైకి తేలడంలో అర్థముందని తేలింది. అయితే ఇది ఒక్క అణువు కథ. మైనపు ఎస్టర్లు దీనికి ఎదురు నడుస్తాయి. నీళ్లు మరీ ఎక్కువైతే అవి కరిగి ఉండలేక గుంపుకట్టి మబ్బుగా మారతాయి.

ఈ మబ్బు వ్యాపారానికి తలనొప్పి. 46 శాతం కంటే తక్కువ బలమున్న విస్కీలో మంచుముక్క వేస్తే మసకబారవచ్చు. కొనేవాడు పాడైందనుకుంటాడు. అందుకే చాలా కంపెనీలు సీసాలో పోసేముందు విస్కీని సున్నా డిగ్రీల దగ్గరకు చల్లార్చి, గడ్డకట్టిన జిడ్డును వడగట్టేస్తాయి. చూపుకు శుభ్రమే, కానీ పోయేది నాలుక మీద పొరగా పరుచుకునే ఆ బరువే. క్లైన్‌లీష్ 14 ఏళ్ల మాల్ట్‌ను 46 శాతం దగ్గర సీసాలో పోయడం సరైన నిర్ణయం. మైనం కోసం ఒక తొట్టెను కడగకుండా కాపాడుకుని, చివర్లో 40 శాతానికి పలచన చేస్తే ఆ శ్రమకు ఫలం సగమే దక్కుతుంది.

చూపు ముక్కును మోసం చేస్తుందన్నదీ మరవకూడదు. ఫ్రాన్స్‌లో జరిగి 2001లో ప్రచురితమైన ఒక పరీక్షలో వాసన లేని ఎర్రరంగు కలిపిన తెల్ల వైన్‌ను 54 మందికి ఇచ్చారు. వాళ్లు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. విస్కీలో క్యారమెల్ రంగుకు అనుమతి ఉన్నంతకాలం ముదురు రంగు ముసలి విస్కీకి రుజువు కాదు. పేరుబడ్డ నిపుణులు రంగు కనిపించని నీలం గ్లాసులు వాడటానికి కారణం ఇదే.

ఇన్ని ప్రత్యేకతలున్న డిస్టిలరీ పేరు చాలామందికి ఎందుకు తెలియదు? ఏటా సుమారు 48 లక్షల లీటర్ల ఆల్కహాల్ తీయగల క్లైన్‌లీష్ సరుకులో అత్యధిక భాగం బ్లెండ్లలోకి పోతుంది. జానీ వాకర్ గోల్డ్ లేబుల్‌కు అది గుండెకాయ. బ్లెండ్‌లోని మిగతా విస్కీలను అంటిపెట్టుకుని, నోట్లో నునుపుగా నిలబెట్టే గుణం మైనానిదే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో, అమెరికా నుంచి వచ్చిన బంధువు డ్యూటీ ఫ్రీ సంచిలోంచి తీసిన గోల్డ్ లేబుల్ రుచి చూసినవాళ్లకు క్లైన్‌లీష్ ఇప్పటికే పరిచయం. పేరే తెలియదు. సీసాల సంఖ్యలో చూస్తే 2022లో ఫ్రాన్స్‌ను దాటి స్కాచ్‌కు ప్రపంచంలోనే పెద్ద మార్కెట్ అయింది భారతదేశం. 2025 జులై 24న బ్రిటన్‌తో సంతకాలు జరిగిన వాణిజ్య ఒప్పందం దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి ముందు 75కి, పదేళ్లలో 40కి తగ్గించాలంటుంది. ఇలాంటి డిస్టిలరీల పేర్లు ఇక్కడి అరల మీద ఇంకా ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది.

బ్రోరాలో మరో ప్రయోగం ఇప్పుడు నడుస్తోంది. 1983లో మూసిన పాత డిస్టిలరీని డియాజియో కంపెనీ 2021 మే నెలలో మళ్లీ తెరిచింది. అప్పటి రెండు రాగి బట్టీలనూ బాగుచేయించి తిరిగి నిలబెట్టారు. వాగు అదే, ఆవరణ అదే, బట్టీలు అవే. జిడ్డు పొర మాత్రం మొదటి దఫా నుంచి కొత్తగా పేరుకోవాలి. ఆ ఏడాది నింపిన పీపాలు క్లైన్‌లీష్ 14 ఏళ్ల మాల్ట్ వయసును అందుకునేది 2035లో. అప్పుడు రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టి, రంగు కనిపించకుండా, 20 శాతానికి పలచన చేసి వాసన చూస్తే, మైనంలో రాగి వాటా ఎంతో, తొట్టె వాటా ఎంతో ముక్కు తేల్చగలదు.